అసిరప్ప దీపం ఆరలేదు

మెలకువ ఒకటి

చుక్కవలస ప్రజలకు, వారి పిల్లలకు, ఇంకా పుట్టని మనవలకు, ఆకాశంలో సగం ఆక్రమించుకుని మనవైపు రెప్ప వెయ్యకుండా చూసే పెద్దాయన గ్రహానికి, ఆయన భుజం మీద కండువాలా వేలాడే వలయానికి, ఆ వలయంలోని ప్రతి మంచుగడ్డకూ పేరుపేరునా ఈ లేఖకుడు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాడు. ఇంత గొప్ప ఊరి ఆగుడు చిట్టా ఇంత అల్పుడి చేత రాయించడం చరిత్ర చేసిన పొరపాటు. ఇందులో దొర్లబోయే తప్పులన్నిటికీ కారకుణ్ణి నేనే. పోయిన జల్లులో పెరుగు తోడుకోకపోవడానికీ, నూకరాజు మామ మోకాలి నొప్పికీ, పెద్దాయన ముఖం మీది ఎర్ర మచ్చకూ కూడా నేనే కారకుణ్ణని రాసుకోండి. నాకేం అభ్యంతరం లేదు. సిగ్గుతో కుంగిపోతున్నాను. కుంగిన చోటి నుంచే రాస్తున్నాను.

తంతు ముగిసింది. నా పేరు గౌరీశు. చదివింది జీవశాస్త్రంలో డిగ్రీ, చేసేది దీపాలు ఆర్పే ఉద్యోగం.

పెద్దాయన చుట్టూ తిరిగే మన నేల మళ్ళీ కంటికి కనపడని కిరణాల జల్లు దాటింది. ఎప్పటిలాగే, ఒక్కరు తప్ప, అందరం నీళ్ళ ట్యాంకుల కింది గుహల్లో ఒకరి కాళ్ళ దగ్గర ఒకరు తల పెట్టుకుని పడుకున్నాం. జల్లు తడపదు, చప్పుడు చెయ్యదు. రాతినీ నీటినీ దాటుకుని కొంచెం కొంచెంగా లోపలికొచ్చి, ఒంట్లో డీఎన్ఏ పోగుల్ని అక్కడొకటీ ఇక్కడొకటీ తెంచి పోతుంది. లేచేసరికి నోట్లో ఇనుము నాకినట్టు ఒక రుచి, కళ్ళ వెనక ఒక మబ్బు. అంతే.

లేవగానే చౌకులో గోడ మీద ఊరందరి దీపాలూ వెలిగించాను. మనిషికొక ఆకుపచ్చ దీపం. ఉయ్యాల్లో ఉన్నవాళ్ళకూ ఉంది. తర్వాత బల్ల వేసుక్కూర్చుని ఒక్కొక్కరి వేలూ పొడిచి బొట్టు రక్తం తీసుకోవడం, ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టి చూడడం. పోగు తెగిన ప్రతిచోటా మరమ్మతు చేసే ప్రోటీన్లు మూగుతాయి. వాటికి మన ముందుతరాలవాళ్ళు మెరుపు తగిలించి పెట్టారు గనుక ప్రతి తెగూ ఒక ఆకుపచ్చ చుక్కలా కనిపిస్తుంది. ఒక్కో కణం ఒక్కో చిన్న ఆకాశం. అతుకు పడేకొద్దీ చుక్కలు ఆరిపోతాయి. ఎవరి ఆకాశం పూర్తిగా నల్లబడితే వాళ్ళ దీపం గోడ మీద ఆర్పుతాను.

గోడ మీద చివరి దీపం ఆరేదాకా ఊరికి ఆగుడు. కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదు. ముందే మొదలైనవి మాత్రం సాగించుకోవచ్చు.

"ఒక్క తెగు మిగిలినా కణం రెండుగా విడిపోదు, గౌరీశూ. ఆగుతుంది. బాగుచేసుకున్నాకే ముందుకు కదులుతుంది. దాన్ని చూసే మొదటితరం వాళ్ళు ఆగుడు పెట్టుకున్నారు," అని డాక్టర్ వైశాలి గారు ప్రతి జల్లుకూ చెబుతారు. ప్రతి జల్లుకూ నేను మొదటిసారి విన్నట్టు తల ఊపుతాను. జీతం అందుకే ఇస్తారని నా అనుమానం.

మెలకువ రెండు

ఆగుడులో ఊరు చూడముచ్చటగా ఉంటుంది. మరమ్మతు జరిగేటప్పుడు ఒళ్ళు నిద్రకు లాగుతుంది. మనుషులు నీళ్ళలో నడిచినట్టు నడుస్తారు. మాట మొదలుపెట్టి సగంలో మరిచిపోయి, పైకప్పు కిటికీలోంచి పెద్దాయన్ను చూస్తూ ఉండిపోతారు. ఎవరూ ఎవర్నీ తొందరపెట్టరు.

కొత్తది మొదలుపెట్టకూడదు గనుక, తెలివైనవాళ్ళు జల్లుకు ముందే అన్నిటినీ కాస్త కాస్త మొదలుపెట్టి ఉంచుకుంటారు. ప్రతి డబ్బాలోంచీ ఒక మిఠాయి కొరికి పెడతారు. కట్టబోయే గోడకు ఒక్క ఇటుక పెడతారు. పారమ్మ పిన్ని జల్లుకు ముందు పొయ్యెక్కించిన పులుసులోనే రోజూ నీళ్ళూ చింతపండూ పోస్తూ సాగిస్తోంది. అందులో మొదటి వంకాయ ముక్క ఇప్పటికి ఊరిపెద్ద హోదాకు వచ్చి ఉంటుంది. నేను గడ్డం సగం గీయించుకుని ఉంచుకున్నాను. మిగతా సగానికి ఎప్పుడైనా హక్కు ఉంది.

పారమ్మ పిన్నీ, ఆమె మొగుడు సూర్రావు బాబాయీ బొట్టు రక్తం ఇవ్వడానికి కలిసే వచ్చారు.

"నా కొత్త సెప్పులు ఎవులికిచ్చీసినావో సెప్పు ముందు," అంది పిన్ని.

"అదప్పుడే అయిపోనాది కదే," అన్నాడు బాబాయి ఆవులిస్తూ.

"అవనేదు. జల్లుకి ముందే మొదలెట్టినాను ఈ తగువు. ఆగుడైనా సాగదీసుకోవచ్చు. అవునా కాదా గౌరీశూ?"

అవునన్నాను. బాబాయి నావైపు చూసిన చూపును ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వేలు పొడిచినప్పుడు అందరూ కలలు చెబుతారు. నేనడగను. నొప్పికి బదులుగా ఇస్తారనుకుంటాను. జల్లు తర్వాతి కలలన్నీ చుట్టాల్లా ఉంటాయి. ఒకరికి దారపు ఉండ దొర్లిపోతుంటుంది, ఒకరికి నిచ్చెన మెట్టు ఊడిపోతుంది, ఒకరికి గోడ అవతల ఎవరో కూనిరాగం తీస్తూ ఏదో పని చేసుకుంటుంటారు. ఎవరని అడిగితే తెలీదంటారు. మంచివాళ్ళే అంటారు.

మెలకువ మూడు

ఇప్పుడు అసలు చిక్కు రాయాలి.

విత్తనాలకూ మొదలుపెట్టి ఉంచుకునే పద్ధతి ఉంది. జల్లుకు ముందు తోటగదిలో ఒక్క గింజ పాతిపెడతారు. దాంతో విత్తడం మొదలైనట్టే. ఆగుడు ఎన్నాళ్ళున్నా మిగతా మళ్ళు నింపుకోవచ్చు. ఈసారి ఆ గింజ పాతలేదు. గింజల పెట్టె కొండ అవతలి కొట్టులో ఉంది. తెప్పించవలసింది ఊరిపెద్ద నూకరాజు మామ. ఆయన మరిచిపోయాడు. జల్లుకు కాస్త ముందు గుర్తొచ్చి, బయటి బండి నడిపే అసిరప్పను పంపాడు.

అసిరప్ప ఎవరికీ కొత్త కాదు గానీ, రాబోయే తరాల కోసం రాస్తున్నాను. పేరు అసిరి. నాకన్నా పెద్దది గనుక అప్ప అంటాను. పుట్టిన దగ్గర్నుంచీ కప్పు కింద ఉండలేని మనిషి. బయట ఉప్పుధూళి మైదానంలో, పెద్దాయన వెలుగులో బండి నడుపుతుంటే ఆమెకు అదే ఇల్లు. ఆ రోజు వెళ్ళింది, పెట్టె ఎక్కించుకుంది, తిరిగొస్తుంటే చక్రం ధూళిలో దిగబడింది. రేకంత పల్చటి కప్పు కింద ఒక్కర్తే కూర్చుని జల్లంతా ఒంటి మీద పడనిచ్చింది. జల్లు వెలిశాక చక్రం తవ్వుకుని గింజలు తెచ్చి ఇచ్చింది.

గింజలొచ్చాయి. గింజ పాతడం మాత్రం మొదలవలేదు. కాబట్టి చివరి దీపం ఆరాలి. తోటగదుల మీద వలయం వెలుగు పడేది పెద్దాయన నీడ మన మీదికి వచ్చేదాకానే. ఆలోగా మొలకలు లేవకపోతే వచ్చే చలికి గాదెలో అడుగు కనిపిస్తుంది. ఆ అడుగు రంగేమిటో మా తాతల తరం చూసింది. మాకు చూడాలని లేదు.

అసిరప్ప బొట్టు మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశాను. కిందికి వెళ్ళేసరికి బల్ల మీద తల పెట్టుకుని ఉంది.

"ఏటిరా గుంటడా, సానా ఉన్నాయేటి?"

"అప్పా, నీ ఒంట్లో దీపావళి."

"మరి టపాకాయల సప్పుడేదిరా?" అని నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ కళ్ళు మూసుకుంది. "కలొచ్చింది. రోడ్డు. మద్దిన తెగిపోనాది. ఆ ఒడ్డున ఎవులో కూకోని సదువుతన్నారు. నాను ఈ ఒడ్డున రాసుకుంటన్నాను."

"ఏం చదువుతున్నారు?"

"తెల్దు. తొందరపెట్టడం నేదు, అదొకటే తెలిసినాది."

మెలకువ ఏడు

గోడ చీకటి పడుతోంది. ముందు పిల్లల దీపాలు ఆరాయి, ఆ తర్వాత ముసలివాళ్ళవి, మా వయసువాళ్ళవి. ఒక్కో స్విచ్చి నొక్కినప్పుడు ఆ ఇంట్లోవాళ్ళు చప్పట్లు కొడతారు. ఇవాళ నాదే ఆర్పుకున్నాను. చప్పట్లు నేనే కొట్టుకున్నాను.

ఒక్కటి మిగిలింది.

అసిరప్ప ఒంట్లో దీపావళి తగ్గింది. కణాలన్నీ నల్లటి ప్రశాంతమైన ఆకాశాలయ్యాయి. కానీ ఏ బొట్టు తీసినా అందులో ఎక్కడో ఒక కణం, ఆ కణంలో ఒక్క చుక్క. మరీ పెద్దది కాదు. కంటి కొసన వెలిగే లాంతరంత. నేను చూస్తే అదీ నన్ను చూస్తున్నట్టుంటుంది.

డాక్టర్ గారిని పిలిచి చూపించాను. ఆమె కన్ను ఆనించి మైక్రోస్కోపు మర అటూ ఇటూ తిప్పారు. ఆమె జీవితమంతా ఈ చుక్కల మీదే పరిశోధన. మామూలుగా నాకు పాఠం చెప్పేటప్పుడు గొంతు పెద్దదవుతుంది. ఇవాళ చిన్నదయింది.

"తెగిన పోగును కణం రెండు రకాలుగా బాగుచేసుకుంటుంది. కొసలు రెండూ దగ్గరికి లాగి ముడెయ్యడం ఒకటి. గబుక్కున అయిపోతుంది, కానీ ముడి దగ్గర కొన్ని అక్షరాలు రాలిపోతాయి. రెండోది, పక్కనున్న తోడుప్రతిని తెరిచి, చదువుకుంటూ, పోయినదాన్ని మళ్ళీ రాసుకోవడం. అందుకే కదా మనవాళ్ళు ఒంట్లో ప్రతి కణానికీ ఒక తోడుప్రతి పెట్టించుకున్నది."

"మరి ఇదెందుకు అవడం లేదండీ?"

"తోడుప్రతి కూడా అక్కడే తెగినట్టుంది. అవతల కొంత, ఇవతల కొంత వెతికి కలుపుకుంటోంది. అది పాడైపోయి ఆగిన చుక్క కాదు గౌరీశూ, వెతుకుతున్న చుక్క. నేను ముప్పయ్యేళ్ళుగా ఇదే చెబుతున్నాను. ఎవరూ చివరిదాకా ఆగి చూడలేదు. ప్రతిసారీ ముడేశారు."

నేను ఏదో హాస్యం ఆడదామని నోరు తెరిచాను. రాలేదు. ఈ సంగతి కూడా చిట్టాలో ఉండనివ్వండి.

మెలకువ తొమ్మిది

జనం గోడ ముందుకొచ్చి కూర్చుంటున్నారు. మోకాళ్ళు కౌగలించుకుని ఆ ఒక్క దీపాన్ని చూస్తుంటారు. పైకప్పు కిటికీలో పెద్దాయన నీడ అంచు కనిపించడం మొదలైంది. పాలమీగడలా, అంత నెమ్మదిగా.

సభ జరిగింది. కొత్త సభ పెట్టకూడదు గనుక, జల్లుకు ముందు మురుక్కాలవ గురించి మొదలుపెట్టి వాయిదా వేసిన సభనే సాగించారు. మురుక్కాలవ గురించి ఇద్దరు రెండేసి మాటలు మాట్లాడాక నూకరాజు మామ లేచాడు. మోకాలు పట్టుకుని లేచాడు. నా పాత అపరాధం.

"మర్సిపోనోణ్ణి నాను. తప్పు నాదే. అసిరి నా తప్పు మోసినాది. కాదంటే కళ్ళు పోతాయి," అన్నాడు. "అయితే నా తప్పని గింజలకి తెల్దు కదా. నీడ వొచ్చీస్తంది. ముడిమందు పోసేద్దాం."

ముడిమందు అంటే ఏమిటో అందరికీ తెలుసు. తాగితే ఇంకా తెగి ఉన్న పోగులన్నీ ముడిపడిపోతాయి. చుక్క ఆరుతుంది. కానీ ముడిపడిన మనిషిని ఊరు ఇంకెప్పుడూ బయటికి పంపదు. పలచబడ్డ పోగు ఇంకో జల్లు చినుక్కు కూడా తట్టుకోదని కట్టడి. మిగిలిన బతుకంతా కప్పు కిందే.

డాక్టర్ గారు లేచి, "ఆ చుక్క దానంతట అది ఆరుతుంది. నాకు తెలుసు," అన్నారు.

"ఎప్పుడమ్మా?"

"అది చెప్పలేను."

"మాకు ఎప్పుడన్నదే గావాలమ్మా," అన్నాడు మామ. కోపంగా కాదు. ఏడుపు ఆపుకుంటున్నట్టు.

అసిరప్ప గోడకు చేరగిలబడి ఉంది. ముడిమందు పొయ్యాలనేవాళ్ళను చేతులెత్తమని అడిగారు. చేతులు లేస్తున్నాయి, నిద్రలో లేచినట్టు, ఒకరిని చూసి ఒకరు. పారమ్మ పిన్ని ఎత్తలేదు. బాబాయి చేతిని కూడా కిందికి లాగేసింది. నేనూ ఎత్తలేదు. మేం ముగ్గురం సరిపోలేదు.

"నన్నడగరేటి?" అంది అసిరప్ప.

అందరూ అటు తిరిగారు.

"తాగుతాను. ఊళ్ళో పసిగుంటలున్నారు, తాగనేటి? ఒక్క మాట. ముందొకపాలి బండికాడికెల్లొస్తాను. దానికి సెప్పాల."

"బండికేటి సెప్తావే తల్లీ?" అన్నాడు మామ.

"నీకెందుకు మామా? అదీ నాదీ ఎవారం."

మెలకువ పది

డాక్టర్ గారు అలమారా తెరిచి ముడిమందు సీసా నా చేతిలో పెట్టారు.

"నా చేత్తో ఇవ్వను. నువ్వియ్యి. ఇచ్చాక ఆమె స్లైడు నాకు చూపించకు. చూస్తే చూసింది చెప్పాల్సొస్తుంది. ఈసారి కూడా చివర చూడకుండానే మూసేశారని నాకు నేను చెప్పుకోలేను." కళ్ళజోడు తీసి కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ల్యాబులో నేనూ, సీసా, మైక్రోస్కోపూ మిగిలాం.

గ్లాసు తీసుకుని చౌకులోకి వెళ్ళేసరికి ఊరంతా నిలబడి ఉంది. అసిరప్ప స్నానం చేసి, తడి జుట్టుతో, చక్రాల గ్రీజు వాసనతో వచ్చింది. బండి దగ్గర చాలాసేపే ఉన్నట్టుంది.

"ఎన్నక్షరాలు రాల్తాయిరా?"

"కొన్నే అప్పా. అందులో మంచివెన్నో చెడ్డవెన్నో చూసి చెప్తాను."

"తిట్లు పోకండా సూడు. అవి నాకు పనికొస్తాయి."

గ్లాసు తీసుకుని గటగటా తాగేసింది. మూతి తుడుచుకుంది. ఇంత సప్పగుందేటని నా చెవిలో అడిగింది. నేనేం చెప్పానో గుర్తులేదు. బొట్టు తీసుకుని ల్యాబుకెళ్ళి చూసొచ్చాను. తర్వాత నేను గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి మీద వేలు పెట్టాను. దీపం ఆరింది.

అంత చీకటి గోడను నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఎవరో ఏడ్చారు, ఎవరో ఈల వేశారు, నూకరాజు మామ అక్కడికక్కడే కూలబడ్డాడు. జనం తోటగదులవైపు పరుగెత్తారు. ఆ తొక్కిసలాటలో ఎవరో అసిరప్ప నడుం మీది బండి తాళంచెవి తీసుకుని మామకు అందించారు. కట్టడి అది.

మెలకువ పన్నెండు

ఊరంతా అన్నీ ఒకేసారి మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళు, గోడలు, కొత్త తగువులు. పారమ్మ పిన్ని పులుసు పారబోసి చారు పెట్టింది. ఊరు మొత్తం వెళ్ళి చూసొచ్చింది. మళ్ళలో గింజలు పడ్డాయి. వలయం వెలుగు వాటి మీద పల్చటి పాలలా పరుచుకుంది.

నాకూ ఒక గింజ ఇచ్చి పాతమన్నారు. చెయ్యి నొప్పిగా ఉందన్నాను. గడ్డం రెండో సగమూ గీయించుకోలేదు. బట్ట మార్చలేదు. రాత్రి భోజనంలో కొత్త చారు వడ్డిస్తే, నిన్నటి గంజి మిగిలిందేమో చూడమన్నాను.

"ఆగుడైపోనాదిరా అబ్బాయీ, నీకెవులూ సెప్పనేదేటి?" అంటోంది పిన్ని.

"అలవాటు పడ్డాను పిన్నీ."

"దేనికి, సగం మొకానికా?"

అసిరప్పను వంటశాలలో పెట్టారు. పెద్ద గంగాళం ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. బియ్యంలో రాళ్ళు లేవు, ఏనాడూ లేవు. ఆమె కూర్చోవడానికి ఒక పని కావాలి గనుక ఏరుతోంది. బొట్టు తీసుకోవడానికి వెళ్ళాను. ముడి గట్టిగా పడిందో లేదో చూడాలని అందరికీ చెప్పాను.

"మా అమ్మ పాడే పాటొకటి ఉండీది. రాత్రి పాడుకుందామంటే రెండో ముక్క రాలేదు. రాలిపోనాదేటిరా, అక్షరాల్తోపాటు?"

"ఆ అక్షరాలు వేరు, ఈ అక్షరాలు వేరు అప్పా. పాట పోదు."

"నీకేటి తెల్సు?"

"డిగ్రీ ఉంది."

"నీ డిగ్రీ మీద జల్లు పడ," అంది. తిట్లు పోలేదు.

అప్పుడే పైన బండి కదిలిన చప్పుడైంది. కొత్త డ్రైవరు గేరు లాగి లాగి మారుస్తున్నాడు. కప్పులోంచి ఆ గరగర దిగివచ్చింది. అసిరప్ప చేతిలో బియ్యం అలాగే ఉన్నాయి. తలెత్తలేదు. "ఆ మూడో గేరు ముందు ఒక్కపాలి ఒగ్గీసి ఎయ్యాల. బండి నొచ్చుకుంటది," అంది, బియ్యానికి చెబుతున్నట్టు. నేను లేచి వచ్చేశాను. చేతిలో బొట్టు ఇంకా వెచ్చగా ఉంది.

మెలకువ పదిహేను

పెద్దాయన నీడ వచ్చేసింది. ఊరు నీలంగా మారింది. మొలకలు అప్పటికే లేచాయి. ఒక్కో మొలక కాపలాదారుడిలా వంగి నిలబడింది. గాదె అడుగు కనిపించదు. నూకరాజు మామ వెళ్ళి ప్రతి మొలకనూ పలకరించి వస్తున్నాడు.

నేను ల్యాబులో తలుపేసుకుని కూర్చున్నాను. ఇవాళ అసిరప్ప బొట్టు వేరేగా ఉంది. ఎప్పటిలాగే ఒక్క కణం, అందులో ఒక్క చుక్క, కానీ చుక్క వెలుగు నెమ్మదిగా లోపలికి తగ్గుతోంది. దూరంగా ఇంట్లో ఎవరో పని ముగించుకుని లాంతరు వత్తి దించుతున్నట్టు. నేను ఊపిరి తీసుకుంటే అద్దం మసకేస్తుందని తీసుకోలేదు. అసిరప్ప కలలోని రోడ్డు గుర్తొచ్చింది. అవతలి ఒడ్డున చదివేవాళ్ళు చివరి మాట చదివారు. ఇవతలి ఒడ్డున రాసేవాళ్ళు చివరి మాట రాశారు. పుస్తకం మూసిన చప్పుడు కూడా వినిపించిందని ప్రమాణం చెయ్యగలను. చెయ్యను, ఉద్యోగం పోతుంది.

చుక్క ఆరింది. ఆకాశం నల్లబడింది.

ఆ చీకట్లో కణం కాసేపు ఊరికే ఉంది. ఆ తర్వాత నడుం దగ్గర సన్నబడింది. రెండు కొసలకూ రెండు పొట్టలు వచ్చాయి. అలా నేను చూస్తుండగానే, ఒకటి రెండయింది. ముందుకు కదిలింది. ఆగుడు అయిపోయింది. నిజంగా.

తలుపు తట్టి డాక్టర్ గారిని పిలవాలని లేచాను. మళ్ళీ కూర్చుని ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఆమెకు చూపించే ముందు ఊరికి చెప్పాలి. ఆగుడు చిట్టా చౌకులో గోడ మీద అంటిస్తారు, అందరూ చదువుతారు. దీపాలున్న గోడే. స్లైడు మైక్రోస్కోపు కిందే ఉంది, తీయలేదు. ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఒక్క అక్షరం రాలకుండా అతుకుపడ్డ పోగును ఈ ఊరు మొదటిసారి చూస్తుంది. డాక్టర్ గారూ, మీరు చెప్పిందే నిజం.

ఆగుడు ముగియకుండా పాతిన పంట పీకెయ్యాలంటే నన్ను పీకండి. మొలకల్ని ముట్టుకోకండి. వాటికి తెలీదు. అసిరప్ప ముడిపడిన మనిషి కాదు. తాళంచెవి ఆమెకు ఇవ్వాలి, ఇవాళే, చలి ముదరకముందే.

ఈ చిట్టాలో నా తలకెత్తుకున్న పాపాలన్నీ ఊరికే రాసుకున్నవి. నిజంగా చేసింది ఒక్కటే. ఆ గ్లాసులో ఉన్నది ముడిమందు కాదు, కాచి చల్లార్చిన మంచినీళ్ళు. చుక్క వెలుగుతుండగానే దీపం ఆర్పాను. అసిరప్పను అడగలేదు. అడిగితే, మీ అందరికోసం, నిజం మందే పొయ్యమనేది.